పెరట్లో నిమ్మచెట్టుకు జిగురు అట్ట, ద్రాక్షతోటలకు ప్రభుత్వ డబ్బు: ఇది న్యాయమేనా?

ప్లెజంటన్ వాసి:
నమస్కారం. మేము కాలిఫోర్నియాలో ప్లెజంటన్‌లో ఉంటాం. ఈమధ్య కౌంటీ వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి, మా పెరట్లోని నిమ్మచెట్టుకు పసుపు జిగురు అట్ట కడతాను, అభ్యంతరం ఉందా అని అడిగారు. ద్రాక్షతీగలను చంపే తెగులును మోసే పురుగు ఇటువైపు వచ్చిందేమో చూడడానికట. సరేనన్నాను. తరువాత చదివితే, ఈ ఒక్క పురుగు కోసం ప్రభుత్వాలు ఏటా కోట్ల డాలర్లు ఖర్చుపెడుతున్నాయని తెలిసింది. వైన్ అమ్ముకుని లాభం తీసుకునేది ద్రాక్షతోటల వాళ్ళు, పన్ను కట్టేది మేమా? అనంతపురం జిల్లాలో మా బాబాయి బత్తాయి తోట తెగులుతో ఎండిపోతే ఎవరూ వచ్చి అట్టలు కట్టలేదు. తెలిసినవారు చెప్పగలరు.

టెమెక్యులా నుంచి:
మీ బాబాయిగారి దగ్గరకు ఎవరూ రాకపోవడం అన్యాయమే. కానీ అక్కడ అందని సాయం ఇక్కడా అందకూడదని నేననుకోను.

నేను దక్షిణ కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో ఒక చిన్న ద్రాక్షతోట పనులు చూస్తాను. మేడ్చల్ దగ్గర మా తాతగారి అనాబెషాహి ద్రాక్ష పందిళ్ళ కింద పెరిగినదాన్ని. తీగ ఎండితే ఈనాటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

దీన్ని పియర్స్ తెగులు అంటారు. జైలెల్లా అనే బాక్టీరియా తీగలో నీరు పైకెక్కే నాళాలలో చేరి వాటిని పూడ్చేస్తుంది. పాదులో తడి ఉన్నా తీగకు నీరు అందదు. ఆకుల అంచులు మాడతాయి, కాయలు గుత్తిమీదే ముడుచుకుపోతాయి, ఆకు రాలినా దాని కాడ మాత్రం కొమ్మను వదలదు. తోటలో నడుస్తూ ముందు ఆ మోడు కాడల కోసమే వెతుకుతాం. సోకిన తీగను బాగుచేసే మందు లేదు. ముదిరితే పీకేయడమే.

తెగులు ఇక్కడ కొత్తది కాదు. ఇప్పుడు డిస్నీల్యాండ్ ఉన్న అనహైమ్ చుట్టుపక్కల 1880లలో వేల ఎకరాల ద్రాక్షను తుడిచిపెట్టింది. 1892లో న్యూటన్ పియర్స్ దాన్ని వర్ణించారు కాబట్టే ఆ పేరు. ఆ తరువాత చాలాకాలం దాన్ని మోసినవి ఇక్కడి స్థానిక పురుగులు. వాటిలో వాగుల పక్కన బతికే ఒక నీలిపచ్చ పురుగు లేత చివుళ్ళనే పీలుస్తుంది, శీతాకాలం కత్తిరింపులతో రోగం చాలావరకు పోయేది. 1980ల చివర అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి గ్లాసీ వింగ్‌డ్ షార్ప్‌షూటర్ అనే పురుగు వచ్చింది. మీ చెట్టుకు కట్టిన అట్ట వెతికేది దీన్నే. మన పత్తిని పీల్చే పచ్చదోమ కుటుంబంలోదే, కానీ అరంగుళం పొడవుంటుంది. దూరం ఎగురుతుంది. ముదురు కొమ్మను దాని మొదలు దగ్గర కూడా పీలుస్తుంది కాబట్టి, కత్తిరించినా రోగం తీగలోనే మిగులుతుంది. 1999లో మా లోయలో విరుచుకుపడి 300 ఎకరాలకు పైగా తోటలను తినేసింది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ నిమ్మచెట్టులోనే ఉంది. ఈ పురుగు చలికాలం గడిపేది నిమ్మ, నారింజ చెట్ల మీద. వాటికి పెద్ద నష్టం చేయదు, కాబట్టి ఆ రైతు సొంత డబ్బుతో మందు ఎందుకు కొడతాడు? నేను నా హద్దుల్లో ఎంత కొట్టినా వసంతంలో పక్కతోట నుంచి మళ్ళీ దిగుతాయి. అవి ఊళ్ళోని పెరళ్ళలో ఉంటాయి, నర్సరీ మొక్కల ఆకుల అడుగున గుడ్లుగా లారీ ఎక్కి ఇంకో కౌంటీకి పోతాయి. పక్కవాడి నారింజతోటలోకి నేను వెళ్ళలేను, నర్సరీ లారీని ఆపలేను. ఆ అధికారం ప్రభుత్వానికే ఉంది.

ఇక డబ్బు సంగతి. వైన్ ద్రాక్ష రైతులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2001 చట్టం ప్రకారం పంట విలువలో ప్రతి 1000 డాలర్లకు గరిష్ఠంగా 3 డాలర్ల వరకు సెస్సు కడుతున్నారు, దాన్ని కొనసాగించాలా వద్దా అని తమలో తామే ఓటు వేసుకుంటారు. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు వేసిన లెక్కలో ఈ తెగులు ఖరీదు ఏడాదికి 10.4 కోట్ల డాలర్లు. అందులో 4.83 కోట్లు నివారణకు. మిగిలిన 5.61 కోట్లు ఎండిన తీగలు, పోయిన పంట. ఇంత చేస్తుండగా జరిగే నష్టమే అది.

పైగా దెబ్బ ద్రాక్షకే కాదు. దక్షిణ కాలిఫోర్నియా హైవేల మధ్య గన్నేరు పొదలు మాడిపోయి ఉండడం చూసే ఉంటారు. అదీ జైలెల్లాయే, రకం వేరు, మోసేది ఇదే పురుగు.

బేకర్స్‌ఫీల్డ్ నుంచి:
పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. నేను కెర్న్ కౌంటీలో నారింజ తోటల్లో పనిచేస్తాను. ఇక్కడ ప్రభుత్వ ఖర్చుతో నారింజ తోటలకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పెట్టించారు, మొదట్లో పురుగు బాగా తగ్గింది. 2012 తరువాత మళ్ళీ పెరిగింది. మా ప్రాంతపు పురుగు ఆ మందును తట్టుకుంటోందని పరిశోధకులు గుర్తించారు. ఒకే మందును ఏళ్ళ తరబడి వాడితే ఇంకేమవుతుంది? ప్రభుత్వ డబ్బు వద్దని నేననను. దాన్ని మందు డబ్బాల మీద పోయడం ఆపాలంటాను.

టెమెక్యులా నుంచి:
మీరన్నది నిజం. అందుకే ఆ నిధుల్లో పరిశోధనకు పోయే భాగమంటే నాకు గౌరవం. పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను పెంచి వదులుతున్నారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ వాకర్ అనే శాస్త్రవేత్త ఈ తెగులును తట్టుకునే అడవి ద్రాక్షతో వైన్ ద్రాక్షను తరం తరువాత తరం సంకరం చేసి, 2019లో ఐదు కొత్త రకాలను విడుదల చేశారు. అలాంటి పనికి ఏళ్ళ తరబడి డబ్బు పెట్టే ఓపిక ఏ వైన్ కంపెనీకి ఉంటుంది? కానీ ఉన్న తోటలన్నీ పీకి కొత్త రకాలు నాటడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. అప్పటిదాకా అట్టలూ కావాలి, నర్సరీ తనిఖీలూ కావాలి, అవసరమైన చోట మందూ కావాలి.

ప్లెజంటన్ వాసి:
ఇద్దరికీ ధన్యవాదాలు. పన్ను గురించి నా అభ్యంతరం పూర్తిగా పోలేదు, టేబుల్ ద్రాక్ష, అంటే తినే ద్రాక్ష, పండించేవాళ్ళు కూడా ఆ సెస్సు కట్టాలని అనిపిస్తోంది. అట్ట మాత్రం ఉంచుతాను. ఇంకొక్క మాట. వచ్చే నెల శాన్‌డియేగో నుంచి మా అక్క కారులో వస్తోంది, కరివేపాకు మొక్క, చిన్న నారింజ మొక్క తెస్తానంటోంది. పరవాలేదా?

టెమెక్యులా నుంచి:
వద్దండీ, రెండూ వద్దు. నారింజ మొక్క ఆకుల అడుగున ఈ షార్ప్‌షూటర్ గుడ్లు ఉండవచ్చు. కరివేపాకు మీద ఇంకో పురుగు బతుకుతుంది, ఆసియా సిట్రస్ సిల్లిడ్. నిమ్మజాతి చెట్లను చంపే పచ్చతెగులును మోసేది అదే. కాలిఫోర్నియాలో ఆ పురుగు మొదట 2008లో మీ అక్కగారి శాన్‌డియేగో కౌంటీలోనే దొరికింది, తెగులు 2012లో లాస్ ఏంజలస్ కౌంటీలో బయటపడింది. అందుకే ఈ మొక్కలను ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తీసుకెళ్ళడంపై ఆంక్షలున్నాయి. కరివేపాకు మొక్క మీ దగ్గర అనుమతి ఉన్న నర్సరీలో కొనుక్కోండి. అట్ట మీద పెద్ద పురుగు కనిపిస్తే మీరు పీకకండి, ఫొటో తీసి కౌంటీ కార్యాలయానికి ఫోను చేయండి.