ప్రెసిషన్ బేస్ తీసుకోనా, జాజ్ బేస్ తీసుకోనా?

కాకినాడ నుంచి:
అన్నలందరికీ నమస్తే. పదకొండేళ్లుగా నా చేతిలో ఉన్నది స్ట్రాట్ మోడల్ గిటారే. మా చర్చిలో బేస్ గిటార్ వాయించే అన్నకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. "ఇకనుంచి నువ్వే చూసుకో తమ్ముడూ" అన్నారు పాస్టరుగారు. అక్కడున్నది జాజ్ బేస్ అనే మోడల్, పాతది. నట్ దగ్గర, అంటే తలవైపు తీగలు ఆనే పట్టీ దగ్గర, నెక్ వెడల్పు 38 మిల్లీమీటర్లే, నా గిటార్ కంటే సన్నం. రెండు నెలల్లోనే దానిమీద మనసు పడిపోయింది. బాధల్లా ఒకటే. కీబోర్డు, ప్యాడ్స్, డోలక్ కలిశాయంటే నేను వాయించేది నాకే వినబడదు.

పోయిన నెల రాజమండ్రిలో ఒక కూటంలో వేరేవాళ్ల ప్రెసిషన్ బేస్, అంటే ఇంకో మోడల్, నా చేతికిచ్చారు. మొదటి స్వరానికే స్టేజీ చెక్క అరికాళ్ల కింద అదిరింది. పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఇన్నాళ్లూ నేను వెతుకుతున్న సౌండ్ అదే! కానీ మూడో పాటకల్లా ఎడమ బొటనవేలి మొదట్లో మంట పుట్టింది, మణికట్టు పట్టేసింది. దాని నట్ 41 పైచిలుకు. మూడు మిల్లీమీటర్ల తేడాకే ఇంత నొప్పా? ఒక్కటే కొనగలను. చేతి మాట వినాలా, చెవి మాట వినాలా?

హైదరాబాద్ నుంచి:
ముందు సౌండ్ సంగతి. జాజ్‌లో రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తిప్పి ఉంచుతున్నావు కదూ? హమ్ (కరెంటు గుర్రు) పోవడానికి చాలామంది అలాగే చేస్తారు. తీగల అదురుని పట్టుకునే రెండు పికప్‌లూ (సింగిల్ కాయిల్స్) సమానంగా ఉంటే ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది. దాంతోపాటే మిడ్స్ (మధ్య స్థాయి ధ్వనులు) కూడా కొంత పోతాయి. నలుగురిలో బేస్ వినబడేది ఆ మిడ్స్ వల్లే. బ్రిడ్జ్ (తీగలు కింద బిగించే చోటు) వైపు పికప్ నాబ్ కాస్త తగ్గించి చూడు, బొద్దుతనం తిరిగొస్తుంది. ట్యూబ్‌లైట్ల గుర్రు కూడా కొంచెం వస్తుంది, ఓర్చుకోవాలి. ప్రెసిషన్‌కి ఆ తంటా లేదు. 1957 నుంచి దాని పికప్ రెండు ముక్కలు, ఒక్కో ముక్క రెండేసి తీగలకి. హమ్ అక్కడికక్కడే పోతుంది.

విశాఖ నుంచి:
తమ్ముడూ, ఒక్కమాట చెప్పు. చర్చిలో కూర్చుని వాయిస్తావా, నిలబడా? మరి రాజమండ్రిలో?

కాకినాడ నుంచి:
చర్చిలో స్టూలు మీద అన్నా. అక్కడ నిలబడి. స్ట్రాప్ కూడా వాళ్లదే, బేస్ తొడల దాకా వేలాడింది.

విశాఖ నుంచి:
అయితే నట్‌ని అనకు. అంత కిందికి వేలాడితే ఎడమ మణికట్టు మడత పడుతుంది, మడతపడ్డ చేత్తో ఏ బేస్ వాయించినా నొప్పే. కూర్చున్నప్పుడు ఎంత ఎత్తులో ఉందో, నిలబడ్డప్పుడూ అంతే ఎత్తులో ఉండేలా స్ట్రాప్ బిగించు.

ఇంకోటి. గిటార్ వాళ్లందరికీ ఉండే అలవాటే నీకూ ఉందనుకుంటా, ఫ్రెట్‌కో (నెక్ మీద అడ్డంగా ఉండే ఒక్కో లోహపు గీతకో) వేలు. స్ట్రాట్‌లో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి సుమారు 36 మిల్లీమీటర్లు. తీగ పొడవు 34 అంగుళాలుండే బేస్‌లో అది 48 దాటుతుంది, జాజ్ అయినా ప్రెసిషన్ అయినా. అయిదో ఫ్రెట్ లోపల చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు చాలు. ఉంగరం వేలు చిటికెన వేలికి ఆసరాగా ఉండనీ. నాకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేక ఏడాదిన్నర మణికట్టుకి క్రేప్ బ్యాండేజీ కట్టుకుని తిరిగాను.

నా ఓటు మాత్రం ప్రెసిషన్‌కే, అదీ ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా, చదునుగా ఉండే) తీగలతో. వేలు జరిపితే కీచుమనదు, ఎండిన గచ్చు మీద అరచెయ్యి ఆనించినట్టుంటుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి జేమ్స్ జేమర్‌సన్ వాయించింది 1962 ప్రెసిషన్ మీద, లావు ఫ్లాట్‌వౌండ్ తీగలతోనే. తెగితే తప్ప మార్చేవాడు కాదు, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. మన సముద్రపు గాలికి నా రౌండ్‌వౌండ్ (గుండ్రటి చుట్టు ఉండే మామూలు) తీగలు రెండు నెలల్లో మొద్దుబారేవి. ఈ ఫ్లాట్‌వౌండ్లు వేసి నాలుగేళ్లయింది, చివర్లలో తుప్పు చుక్కలున్నా సౌండ్ నాకు కొత్తప్పటికంటే ఇప్పుడే నచ్చుతోంది.

గుంటూరు నుంచి:
నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను తమ్ముడూ. ఏ బేస్ కొన్నా, మీ కీబోర్డు వాళ్ల ఎడమచెయ్యి కింది ఆక్టేవ్‌లో కార్డులు పట్టుకుని కూర్చుంటే నువ్వు వినబడవు. నేనూ ఏళ్లపాటు అదే చేశాను. మా బేస్ తమ్ముడు బతిమాలితే ఎడమచెయ్యి ఒక ఆక్టేవ్ పైకి జరిపాను, ఆ ఆదివారమే అతని బేస్ వినబడింది. కొనేముందు ఒక్క వారం అడిగి చూడు.

కాకినాడ నుంచి:
నిన్న ప్రాక్టీసులో మూడూ చేశాం. మా కీబోర్డు అక్క ఎడమచెయ్యి పైకి జరిపింది, బ్రిడ్జ్ నాబ్ పావువంతు తగ్గించాను, స్ట్రాప్ బిగించి నిలబడే వాయించాను. జాజ్ బాగానే వినబడింది, నొప్పి లేదు. అయినా రాజమండ్రిలో కాళ్ల కింద అదిరిన ఆ అదురు ఇందులో లేదు. ప్రెసిషనే కొంటాను అన్నా. ఫ్లాట్‌వౌండ్లు వేస్తే నెక్ సరిచేయించాలా?

విశాఖ నుంచి:
చాలా సెట్లకి లాగుడు ఎక్కువ, నెక్ ముందుకి వంగొచ్చు. తీగలు వేసి రెండు రోజులు అలా వదిలెయ్. తర్వాత మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) పావు చుట్టు బిగించు, ఒకేసారి అంతకు మించొద్దు.