ప్యాకింగ్ వాళ్లకి ఆర్డర్లు చూపించాలి, మిగతావి కాదు. ఎలా?

పచ్చళ్ల షాపు, గుంటూరు:
అందరికీ నమస్తే అండి. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్‌ని ఆన్‌లైన్ షాపుగా మార్చే సాఫ్ట్‌వేర్) సైట్ మీద పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాం. మామూలుగా రోజుకి 30, 40 ఆర్డర్లు. సంక్రాంతికి అరిసెలు మొదలైతే ఇక లెక్కే ఉండదు. ప్యాకింగ్‌కి నలుగురు ఆడవాళ్లు వస్తారు. ఇన్నాళ్లూ బల్ల మీద ఒక పాత ఫోన్ పెట్టి, అందులో నా లాగిన్ తెరిచి వదిలేశాను. నూనె చేతులతో తోసేసరికి మొన్న ఒక ఆర్డర్ డబ్బా కట్టకముందే, పని పూర్తయినట్టు కంప్లీటెడ్‌లోకి పోయింది, కస్టమర్‌కి మెయిల్ కూడా వెళ్లిపోయింది. అదైతే ఫోన్ చేసి సర్దుకున్నాం.

అసలు భయం వేరే. పోయిన వారం ఇద్దరు కస్టమర్లకి ఎవరో ఫోన్ చేసి "మీ పచ్చళ్ల పార్శిల్ ఆగింది, 49 రూపాయలు కట్టండి" అన్నారట. ఏం కొన్నారో కూడా చెప్పారట. మా వాళ్ల పనే అని అనలేను. ఆ ఫోన్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో నాకే తెలీదు, పండక్కి మానేసిన అమ్మాయి కూడా ఉంది. ఇప్పుడేం చేయమంటారు?

చీరల షాపు, చీరాల:
అక్కా, ఒక్కొక్కరికి విడిగా షాప్ మేనేజర్ లాగిన్ ఇచ్చేయండి. ఫోన్లో వూకామర్స్ యాప్ కూడా తెరుచుకుంటుంది. మేం రెండేళ్లుగా అలాగే నడుపుతున్నాం.

వెబ్‌సైట్ల పని, హైదరాబాద్:
విడిగా లాగిన్ అన్నంతవరకు బాగానే ఉందండీ, షాప్ మేనేజర్ మాత్రం వద్దు. అది తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టడమే. ధరలు మార్చొచ్చు, కూపన్లు పెట్టొచ్చు, అమ్మకాల రిపోర్టులు చూడొచ్చు, కస్టమర్ల జాబితా ఫైలుగా దించుకోవచ్చు. యాప్ అడ్మిన్‌కీ షాప్ మేనేజర్‌కీ తప్ప తెరుచుకోదు కాబట్టి దాని సంగతీ మర్చిపోండి.

పచ్చళ్ల షాపు, గుంటూరు:
యూజర్ రోల్ ఎడిటర్ అనే ప్లగిన్‌తో (సైట్‌కి అదనంగా తగిలించుకునేది) "ప్యాకింగ్" అని కొత్త రోల్, అంటే ఏమేం చేయొచ్చో మనమే నిర్ణయించే లాగిన్ రకం, చేసుకోవచ్చని మా తమ్ముడు అంటున్నాడు. సరిపోతుందా?

వెబ్‌సైట్ల పని, హైదరాబాద్:
నేనూ ఒకప్పుడు అందరికీ అదే చెప్పేవాణ్ణి. ఆర్డర్ తెరుచుకోవాలంటే ఆ రోల్‌కి ఎడిట్_షాప్_ఆర్డర్స్, ఎడిట్_అదర్స్_షాప్_ఆర్డర్స్ అనే అనుమతులు ఇవ్వాలి. చిక్కు అక్కడే ఉంది. రీఫండ్ నొక్కినప్పుడు వూకామర్స్ చూసేది కూడా ఆ మొదటి అనుమతినే. మీ పేమెంట్ గేట్‌వే (కస్టమర్ల డబ్బు తీసుకునే సర్వీసు) మీ సైట్ నుంచే రీఫండ్ చేయనిస్తే, ప్యాకింగ్ బల్ల దగ్గర ఎవరైనా రెండు నొక్కులు నొక్కారంటే డబ్బు వెనక్కి పోయినట్టే.

పచ్చళ్ల షాపు, గుంటూరు:
అమ్మో! ఆ బటన్ కనపడకుండా దాచేస్తే?

వెబ్‌సైట్ల పని, హైదరాబాద్:
సీఎస్ఎస్‌తో (పేజీ ఎలా కనపడాలో చెప్పే కోడ్) దాచొచ్చు. చెయ్యి జారి నొక్కడం ఆగుతుందేమో గానీ, కావాలని చేసేవాళ్లని అది ఆపదు.

అసలు వాళ్లకి లాగిన్ దేనికండీ? గోంగూర అరకిలో రెండు, కందిపొడి పావుకిలో ఒకటి అని తెలిస్తే డబ్బా కట్టేస్తారు. "పీడీఎఫ్ ఇన్‌వాయిసెస్ అండ్ ప్యాకింగ్ స్లిప్స్" అనే ప్లగిన్ వేసుకోండి, ఉచితంగా వచ్చేదే చాలు. పొద్దున్నే మీరు ప్రాసెసింగ్‌లో ఉన్నవన్నీ, అంటే ఇంకా పంపాల్సినవి, టిక్ పెట్టి, పైన బల్క్ యాక్షన్స్‌లో ప్యాకింగ్ స్లిప్ ఎంచుకుంటే అన్నీ ఒకే పీడీఎఫ్‌గా వస్తాయి. స్లిప్ మీద ధరలు ఉండవు. సెట్టింగుల్లో ఫోన్ నంబరు, మెయిల్ టిక్కులు లేకుండా చూసుకోండి. పేరు, అడ్రస్ మాత్రం ఉంటాయి. అందుకే ఆ స్లిప్ డబ్బాలోనే పెట్టి పంపేయండి, బల్ల మీద మిగలకూడదు.

ఈ రోజే చేయాల్సినవి ఇంకొన్ని. మీ పాస్‌వర్డ్ మార్చండి, పాత ఫోన్లో తెరిచి ఉన్న లాగిన్ దానంతటదే పోతుంది. ప్రొఫైల్ పేజీలో అడుగున అప్లికేషన్ పాస్‌వర్డ్స్ (యాప్‌ల కోసం విడిగా ఇచ్చేవి) అని ఉంటుంది, అందులో ఏమైనా ఉంటే రద్దు చేయండి. అసలు పాస్‌వర్డ్ మార్చినా అవి చావవు. కొత్త ఆర్డర్ మెయిల్స్ ఆ ఫోన్‌కి వస్తున్నాయేమో కూడా చూడండి. వాటిలో పేరు, అడ్రస్, ఫోన్ నంబరు అన్నీ ఉంటాయి.

చీరల షాపు, చీరాల:
మా దగ్గర ఆర్డర్ స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో పెడతాం. అదీ తప్పేనా?

వెబ్‌సైట్ల పని, హైదరాబాద్:
అందరికంటే ముందు మీరే ఆపాలి తమ్ముడూ! గ్రూపులోంచి మనిషిని తీసేసినా, ఆ ఫొటోలు వాళ్ల ఫోన్ గ్యాలరీలో అలాగే ఉంటాయి.

నగల షాపు, బెంగళూరు:
మాది షాపిఫై, వూకామర్స్ లాంటిదే ఇంకో ఆన్‌లైన్ షాపు సర్వీసు. ఆర్డర్లు చూడటం, పంపడం, ఎక్స్‌పోర్ట్, రీఫండ్ అన్నిటికీ విడివిడిగా టిక్కులు ఉంటాయి. ప్యాకింగ్ అబ్బాయికి మొదటి రెండే ఇచ్చాం. వూకామర్స్ వాళ్లకి ఇంత అవస్థ ఉందని ఇప్పుడే తెలిసింది.

పచ్చళ్ల షాపు, గుంటూరు:
వారం అయింది, ఏం జరిగిందో చెబుతున్నాను. స్లిప్పులతోనే నడుస్తోంది. మొదటి రోజు ఆవకాయ నూనె అంటుకుని నాలుగు కాగితాలు అద్దాల్లా అయిపోయాయి, ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తున్నాను. కొరియర్ లేబుళ్లు అంటించే పని ఒక్కరికే అప్పజెప్పాను. ఒకటే సందేహం. స్లిప్ డబ్బాలోనే పోతే, ఏవి కట్టారో ఏవి కట్టలేదో సాయంత్రం నాకెలా తెలుస్తుంది?

వెబ్‌సైట్ల పని, హైదరాబాద్:
ఒక నోట్‌బుక్ చాలండీ. కట్టిన ప్రతి దానికీ ఆర్డర్ నంబరు, కట్టినవాళ్ల పేరులో మొదటి అక్షరం రాయించండి. కొరియర్ అబ్బాయి సంతకం పెట్టే పికప్ కాగితంతో సరిచూసుకుని, కంప్లీటెడ్‌లోకి మీరే మార్చండి. "మాకు ఒక ప్యాకెట్ తక్కువొచ్చింది" అని కస్టమర్ అంటే, ఎవర్ని అడగాలో కూడా ఆ పుస్తకమే చెబుతుంది.