‘నేను అంతర్ముఖుణ్ణి’ అని చెప్పుకోవడం ఎప్పటి నుంచి గొప్ప అయింది?

గోదారిగట్టు:
నా చిన్నతనంలో చుట్టాలు రాగానే లోపలి గదిలోకి వెళ్ళిపోయే పిల్లవాణ్ణి మా ఊళ్ళో ‘ముంగి’ అనేవారు. ‘వీడు నలుగురిలో కలవడు, రేపెలా బతుకుతాడో’ అని పెద్దవాళ్ళు బెంగపడేవారు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో పేరు కింద మొదటి మాట ‘ఇంట్రోవర్ట్’, అంటే అంతర్ముఖుడు, పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లో అబ్బాయి వివరాల్లో కూడా ‘ఇంట్రోవర్ట్’. మనుషులతో కాసేపు గడిపితే తమ బ్యాటరీ అయిపోతుందని చెప్పే రీల్స్‌ను లక్షలమంది పంచుకుంటున్నారు. స్వభావాన్ని నేను తప్పు పట్టడం లేదు, దాన్ని బిరుదులా పేరు పక్కన తగిలించుకోవడాన్ని తప్పు పడుతున్నాను. ఫోన్ ఎత్తకపోతే ఇంట్రోవర్ట్, పెళ్ళికి రాకపోతే ఇంట్రోవర్ట్, చివరికి పరామర్శకు రాకపోయినా ఇంట్రోవర్టే. ఇది ఒక స్వభావానికి ఆలస్యంగా దక్కిన గౌరవమా, లేక బాధ్యత తప్పించుకోవడానికి దొరికిన మంచి పేరా అన్నది ఇక్కడి సభ్యులు చెప్పాలని కోరుతున్నాను.

నిండుకుండ:
గోదారిగట్టు గారూ, మీరు ‘బిరుదు’ అన్నారు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా ఉన్న బిరుదు ‘మొద్దు’. ఎనిమిదో తరగతిలో మా క్లాస్ టీచర్ నన్ను బల్ల మీద నిలబెట్టి, నోరు విప్పేదాకా దిగవద్దని చెప్పి, పీరియడ్ అంతా అలాగే ఉంచారు. ఇంజనీరింగ్ చివరి ఏడాది క్యాంపస్ ఎంపికల్లో రాతపరీక్షలో మా బ్రాంచిలో మొదటి వరసలో ఉన్నాను. తర్వాత పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టిన గ్రూప్ డిస్కషన్లో, ఒకరి మాట పూర్తికాకుండానే మరొకరు అందుకునే ఆ పదిహేను నిమిషాల్లో, నేను రెండు వాక్యాలు చెప్పగలిగాను. రెండూ సరైనవే, అయినా నన్ను తీసుకోలేదు. నోరున్నవాడిదే రాజ్యమని మన పెద్దలు ఊరికే అనలేదు.

‘ఇంట్రోవర్ట్’ అన్న మాట ఇంటర్నెట్ కనిపెట్టినదేమీ కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో మనిషి ఆసక్తి లోపలికి తిరుగుతుందా, బయటికి తిరుగుతుందా అన్న భేదంతో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు నెలల పసివాళ్ళకు కొత్త బొమ్మలు, కొత్త శబ్దాలు, కొత్త వాసనలు చూపించి, వాటికి కాళ్ళూ చేతులూ కొట్టుకుని ఏడ్చిన పిల్లలే పెద్దయ్యాక జంకుతో, నెమ్మదిగా ఉండే అవకాశం ఎక్కువని గమనించారు. నాలుగు నెలల పాప ఏ బాధ్యత తప్పించుకోవాలనుకుంటుంది? 2012లో సూసన్ కెయిన్ అనే అమెరికా రచయిత్రి, బడులూ కార్యాలయాలూ బహిర్ముఖులను ఆదర్శంగా పెట్టుకుని కట్టినవని ఒక పుస్తకం నిండా వాదించినప్పుడు, నాలాంటివాళ్ళకు తమలో లోపం లేదని మొదటిసారి ఎవరో చెప్పినట్టయింది. ఇంటర్నెట్ చేసిన మేలు మరొకటి ఉంది: ఇక్కడ జవాబిచ్చే ముందు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఈ వేదిక మీద నేను ఇంత పొడుగున రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఇందులో పదో వంతు కూడా మీకు చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఓరుగల్లు శ్రీను:
నిండుకుండ గారి బల్ల సంగతి చదివి మనసు కష్టమైంది. మా బళ్ళోనూ ఇదే శిక్ష ఉండేది.

గోదారిగట్టు:
మీకు జరిగినది అన్యాయమే, దాన్ని నేను కాదనను. కానీ నేను ఎత్తిన విషయం బ్యాటరీ గురించి, దానికి మీరు జవాబివ్వలేదు. ‘మనుషులతో గడిపితే ఇంట్రోవర్ట్ శక్తి ఖర్చవుతుంది, ఎక్స్‌ట్రోవర్ట్ శక్తి నిండుతుంది’ అన్న సూత్రం మీదే ఈ ప్రచారమంతా నడుస్తోంది. హెల్సింకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థులను రోజుల తరబడి రోజుకు పలుమార్లు అడిగి చూశారు; నలుగురితో కలివిడిగా గడిపిన సుమారు మూడు గంటల తర్వాత అలసట అందరికీ వచ్చింది, అంతర్ముఖులకూ బహిర్ముఖులకూ తేడా లేకుండా. పెళ్ళిపందిట్లో వచ్చినవారందరినీ పలకరించి రాత్రికి ఇల్లు చేరిన నా కాళ్ళు కూడా లాగుతాయి, నా గొంతు కూడా పోతుంది. మరి నా అలసటకు పేరెందుకు లేదు?

ఇంకొక మాట. కేవలం అంతర్ముఖుడు, కేవలం బహిర్ముఖుడు అంటూ ఎవరూ ఉండరన్నది ఆ యుంగ్ అభిప్రాయమే. కొలిచి చూసినవారందరికీ తేలింది కూడా అంతే. జనంలో ఎక్కువమంది నడుమనే ఉంటారు. ఇంటర్నెట్లో పది నిమిషాల్లో పదహారు రకాల్లో మీదేదో తేల్చే పరీక్ష ఆ నడుమ గీత గీసి, అటో అడుగు ఇటో అడుగు ఉన్నవాళ్ళను రెండు జాతులుగా విడదీస్తోంది. కొన్ని వారాలాగి అదే పరీక్ష మళ్ళీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. దాన్ని పట్టుకుని జీవితాలు నిర్ణయించుకుంటున్నారు.

నిండుకుండ:
అలసట అందరికీ వస్తుందన్నారు, ఒప్పుకుంటాను. ఏ ధరకు ఏమి దక్కుతుందన్నది మీరు వదిలేశారు. 2002లో అమెరికాలో విలియం ఫ్లీసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, అంతర్ముఖులు కూడా కలుపుగోలుగా ప్రవర్తించిన వేళల్లో ఎక్కువ ఆనందంగా ఉన్నట్టు చెప్పారని ప్రకటించింది. అప్పటి నుంచి మాకు ‘కాస్త నటించండి, అదే అలవాటవుతుంది’ అన్న సలహా ఆగలేదు. 2019లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారు కొందరిని వారం రోజుల పాటు బహిర్ముఖుల్లా మెలగమని చెప్పి చూశారు. మొత్తం మీద మేలే కనబడింది కానీ, స్వభావరీత్యా బాగా అంతర్ముఖులైనవారికి ఆ మేలు అంతగా దక్కలేదు. పైగా అలసట, తాము తాము కామన్న భావన మిగిలాయి. మీ హెల్సింకీ పరిశోధన కొలిచినది మూడు గంటలు. నేను పదమూడేళ్ళుగా హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కొలువులో వారం తర్వాత వారం నటిస్తున్నాను.

గోదారిగట్టు:
మూడు గంటలా, వారం రోజులా అన్నది కాదండీ. బ్యాటరీ అన్న పోలిక తప్పా, ఒప్పా? ఒక్క మాటలో చెప్పండి.

నిండుకుండ:
పోలిక తప్పే అనుకుందాం. దానివల్ల నా బాధ అబద్ధం అవుతుందా?

పాఠకురాలు:
నేను డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెబుతాను కాబట్టి ఒక్క విషయం వేరు చేసి చెప్పాలనిపిస్తోంది. మీరిద్దరూ మూడు వేర్వేరు వాటిని ఒకే సంచీలో వేస్తున్నారు. ఒంటరితనాన్ని ఇష్టపడి, అవసరమైనప్పుడు ఏ జంకూ లేకుండా మాట్లాడగలగడం అంతర్ముఖత్వం. మాట్లాడాలని ఉండీ, ఎదుటివారు ఏమనుకుంటారోనని వెనక్కి తగ్గడం బిడియం. ఆ భయం ముదిరి ఉద్యోగాన్నీ సంసారాన్నీ దెబ్బతీసేంతగా పెరిగితే అది చికిత్స ఉన్న వ్యాధి. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో దానికి 1980లోనే చోటు దక్కింది. వీటికి తోడు మనకు మొహమాటం అనే నాలుగోది ఉంది, అది స్వభావం కన్నా మర్యాదకు చెందినది. నా విద్యార్థుల్లో కొందరు గుండెదడతో తరగతికి రాలేని స్థితిలో ఉండి కూడా ‘నేను ఇంట్రోవర్ట్‌ని మేడం’ అని నవ్వేస్తారు. ఆ పేరు వాళ్ళకు ఎంత ఊరటనిస్తోందో, డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా అంత ఆపుతోంది. నాకు నిజంగా భయం కలిగిస్తున్నది ఇదే.

సింగరేణి కిరణ్:
ఈ తేడా మాకు పదో తరగతిలో చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

గోదారిగట్టు:
పాఠకురాలు గారు చెప్పినది నాకు బలమే. భయమైతే వైద్యం చేయించుకోవాలి, ఇష్టమైతే అవసరానికి పక్కన పెట్టాలి. రెండూ చేయకుండా పేరు మాత్రం ఉంచుకుంటామంటేనే నా అభ్యంతరం. ఒక మనిషి అమెరికాలో తన పై అధికారితో రోజూ గంటసేపు వీడియోలో మాట్లాడగలడు, ఇంటికొచ్చిన సొంత మేనత్తను పలకరించలేడు. ఇదేం అంతర్ముఖత్వం?

నిండుకుండ:
మీరు మూడు రోజులుగా ‘జనం’, ‘ప్రచారం’ అంటూ వచ్చి ఇప్పుడు మేనత్త దగ్గర తేలారు. ఎవరో ఒక్క మనిషి మీద ఉన్న కోపాన్ని మా అందరి మీద తీర్చుకుంటున్నారని నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉంది. ఆ మనిషి ఎవరో చెప్పి, ఆయనతో పోట్లాడండి. ఒక స్వభావాన్నంతటినీ బోనులో నిలబెట్టకండి. మీలాంటి మాటకారులు ఉన్న ప్రతి ఇంట్లోనూ నాలాంటివాడొకడు నోరు మూయించుకుని ఉంటాడు.

గోదారిగట్టు:
సరే, చెబుతాను. అతను నా తమ్ముడు. నిరుడు మా నాన్న పోయారు. వాడు డాలస్ నుంచి రెండో రోజుకు వచ్చాడు, నాన్న ముఖం చూశాడు, మేడ మీద గదిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత పెద్దకర్మ దాకా కిందికి దిగినది కర్మకు కూర్చోవలసిన వేళల్లోనూ, భోజనానికీ మాత్రమే. మండపేట నుంచి, రాజోలు నుంచి, కాకినాడ నుంచి వచ్చిన ప్రతి మనిషికీ నాన్న ఎలా పోయారో మొదటి నుంచి చివరి దాకా నేనే చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన నాకు మళ్ళీ పోయారు. తొమ్మిదో రోజు రాత్రి వాడు పై గదిలోంచి కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడు: ‘ఇంట్రోవర్టులు దుఃఖాన్ని వేరే విధంగా అనుభవిస్తారు, వారి ఏకాంతాన్ని గౌరవించండి’ అని దాని మీద రాసి ఉంది. నేను కింద అరుగు మీద కూర్చుని దాన్ని చదివాను. నన్ను మాటకారి అంటున్నారే, ఆ పన్నెండు రోజులూ నాకు మాట్లాడాలని ఉందని ఎవరనుకున్నారు?

ఓరుగల్లు శ్రీను:
అయ్యో. మన్నించండి గోదారిగట్టు గారూ.

నిండుకుండ:
నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ తమ్ముడి తరఫున ఒక్కటి చెప్పనివ్వండి. మా అమ్మ పోయినప్పుడు నేనూ అలాగే గదిలోనే ఉన్నాను. ఎవరైనా ఎదురుగా వచ్చి ‘ఎలా జరిగింది బాబూ’ అంటే నా గొంతులోంచి శబ్దం వచ్చేది కాదు. అది తప్పించుకోవడం కాదు.

పెద్దకోడలు:
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. మీరిద్దరూ చెప్పిన రెండు చావు ఇళ్ళల్లోనూ వచ్చినవాళ్ళకు ఎవరో కాఫీలు ఇచ్చి ఉంటారు, ఎవరో పడకలు వేసి ఉంటారు, ఎవరో పక్కన కూర్చుని ఏడ్చి ఉంటారు. ఆ ఎవరో ఇంట్రోవర్టా, ఎక్స్‌ట్రోవర్టా అని మీలో ఎవరైనా అడిగారా?

నాకు పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. నా భర్త మితభాషి అని మా అత్తగారు అందరికీ గర్వంగా చెబుతారు. చుట్టాలొస్తే ఆయన ‘బాగున్నారా’ అని లోపలికి వెళ్ళిపోతారు, అది ఆయన నెమ్మదితనం. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను తలనొప్పితో బయటికి రాకపోతే ‘పొగరుబోతు పిల్ల’ అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా ఆడపడుచుల నోట ఉంది. నేను పుట్టింట్లో వేసవి సెలవులన్నీ డాబా మీద పుస్తకాలతో గడిపినదాన్ని. పాఠకురాలు గారు చెప్పిన లెక్కన నేను అసలైన అంతర్ముఖిని. ఇన్నేళ్ళలో ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు, చెప్పినా చెల్లదు. ఒకరు గదిలో ఉండాలంటే ఇంకొకరు హాల్లో ఉండాలి. మీరు వారమంతా పరిశోధనల మీద వాదించుకున్నారు. నాకు తెలిసిన ప్రశ్న ఆ హాల్లో ఎవరుండాలన్నది ఎవరు నిర్ణయిస్తారన్నదే.

పాఠకురాలు:
తరగతిలో ఎన్నేళ్ళుగా చెబుతున్నానో, ఈ కోణం ఒక్కసారీ ప్రస్తావించలేదు. వచ్చే సోమవారం ప్రస్తావిస్తాను.

నిండుకుండ:
పెద్దకోడలు గారూ, మీ జవాబు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లో గ్యాస్ వాడికి ఫోన్, పిల్లల బడికి ఫోన్, మా మావయ్యలకు పండగ పలకరింపులు, అన్నీ నా భార్యే చేస్తుంది. తను కలుపుగోలు మనిషని నేను అనుకుంటూ వచ్చాను. అవునో కాదో అడగలేదు. అయినా కార్యాలయాల్లోనూ, బళ్ళలోనూ మాట్లాడేవాడికే మార్కులు వేయడం అన్యాయమన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ఇంట్లో నేను చేసిన తప్పు ఆ తప్పును ఒప్పు చేయదు.

గోదారిగట్టు గారూ, సంవత్సరీకం వస్తోంది కదా. మీ తమ్ముడికి మాటతో పని లేని బాధ్యతలు అప్పగించి చూడండి. వంటవాళ్ళ లెక్కలు, సామాన్ల జాబితా, వచ్చేవాళ్ళకు బళ్ళ ఏర్పాటు వంటివి నాలాంటివాళ్ళు ప్రాణం పెట్టి చేస్తారు.

గోదారిగట్టు:
మీ సలహా మంచి మనసుతో ఇచ్చినదని తెలుసు. పెద్దకోడలు గారు అడిగినదానికి ముందు చెప్పాలి: ఆ పన్నెండు రోజులూ కాఫీలు కలిపినది నా భార్య, పడకలు వేసినది నా మరదలు. నా మరదలికి మా చుట్టాల్లో సగంమంది పేర్లు కూడా తెలియవు.

లెక్కల సంగతి అంటారా, లెక్కలు రాయడానికి మా ఊళ్ళో మనుషులున్నారు. నేను వాణ్ణి చుట్టాలతో మాట్లాడమని కూడా అడగడం లేదు. రాత్రి పది దాటాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయి, నాన్న మంచం ఖాళీగా కనిపించేటప్పుడు వాడు కిందికి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంటే చాలు. ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు.

పెద్దకోడలు:
ఈ మాట మీ తమ్ముడికి చెప్పారా?

గోదారిగట్టు:
చెప్పలేదండీ. తిథి పుష్యంలో వస్తుంది. టికెట్టు తీసుకున్నావా అని కూడా ఇంతవరకు అడగలేదు.