టాలెమీయస్ అడుగున పరుచుకున్నది లావానా, శిథిలాలా?

నాగావళి (శ్రీకాకుళం):
మా వైపు ఒక బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టారు. చంద్రుడి పటం పక్కన ఒక చార్టు మీద "టాలెమీయస్: లావాతో నిండిన పాత బిలం" అని రాసి ఉంది. లావా మాట తీసేయమన్నాను. అక్కడున్న మాస్టారు ఒప్పుకోలేదు. "ద్రవం పారకుండా అడుగు అంత చదునుగా ఎలా ఉంటుందండీ?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ జవాబు మాత్రం ఆయన అనుకున్నది కాదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. చంద్రుడి ముఖం నడిమికి దగ్గరగా మూడు పెద్ద బిలాలు ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా ఉంటాయి. వాటిలో పైది టాలెమీయస్. వెడల్పు 150 కిలోమీటర్లకు పైమాటే. రోడ్డు మీద శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఇంచుమించు అంత దూరం. దాని అంచు అరిగిపోయి, చీలికలు పడి, కొన్నిచోట్ల గుట్టల వరుసలా మిగిలింది. అంత పెద్ద బిలానికి ఉండాల్సిన మధ్య శిఖరం కనిపించదు. దాని కింద ఉన్న ఆల్ఫాన్సస్‌కు శిఖరం ఉంది. ఆ కింది ఆర్జాకెల్‌కు శిఖరంతో పాటు లోపలి గోడల మీద మెట్లు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైనుంచి కిందికి వస్తున్నకొద్దీ వయసు తగ్గుతుంది. పాత బిలం ఎలా శిథిలమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి వరుస చంద్రుడి మీద లేదని నా అభిప్రాయం.

గంటస్తంభం (విజయనగరం):
ఆ మాస్టారి పక్షాన నేను మాట్లాడతాను. చంద్రుడి మీద ఎరటోస్తనీస్ బిలం పక్కనే స్టేడియస్ అనే బిలం ఉంది. అది లావాలో మునిగి అంచు మాత్రం చుక్కల్లా తేలి ఉంటుంది. దాన్ని లావా ముంచిందని అందరూ ఒప్పుకుంటారు. మరి అలాగే చదునుగా ఉన్న టాలెమీయస్ దగ్గరకు వచ్చేసరికి పేచీ ఎందుకు? పక్కనున్న ఆల్ఫాన్సస్ అడుగున పగుళ్లున్నాయి, వాటి వెంట నల్లటి మచ్చలున్నాయి. అవి అగ్నిపర్వత బూడిదే కదా! గోడకు అవతల నిప్పు రాజుకుంటే ఇవతల ఏమీ జరగలేదంటారా?

ఇంకో మాట. ఇలాంటి లేతరంగు మైదానాలు అగ్నిపర్వతాల వల్లే ఏర్పడ్డాయని 1972 దాకా భూగర్భ శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మారు. మాస్టారు సొంతంగా కల్పించి చెప్పలేదు.

నాగావళి:
ఆ 1972 దగ్గరే ఆగుదాం. ఆ నమ్మకాన్ని తేల్చుకోవడానికే అపోలో 16ను చంద్రుడి మీద అలాంటి మైదానమే ఉన్న డెకార్ట్ ఎత్తుభూములకు పంపారు. ఏప్రిల్‌లో జాన్ యంగ్, చార్లెస్ డ్యూక్ అక్కడ దిగి అగ్నిపర్వత శిలల కోసం వెతికారు. దాదాపు 96 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. అందులో ఎక్కువ భాగం బ్రెక్షియానే, అంటే ఢీకొన్న దెబ్బకు పగిలిన ముక్కలు మళ్లీ అతుక్కుని గట్టిపడిన రాయి. ఎదురుచూసిన లావా దొరకలేదు. అప్పటిదాకా రాసిన పాఠం అక్కడితో తిరగబడింది.

ఇక రంగు సంగతి. చంద్రుడి మీద లావా మైదానాల్లో ఇనుము ఎక్కువ, అందుకే నల్లగా ఉంటాయి. స్టేడియస్ అడుగు నల్లనిది. టాలెమీయస్ అడుగు చుట్టూ ఉన్న ఎత్తుభూముల రంగులోనే ఉంది. చదును ఒక్కటే చూసి రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

టెక్కలి రాయి:
నేను గ్రానైటు క్వారీలో పనిచేసేవాణ్ణి, ఖగోళం నాకు అంతగా తెలియదు. ఒక్క సందేహం. డెకార్ట్‌కూ టాలెమీయస్‌కూ దూరమెంత? మా దగ్గర ఒక బెంచిలో (క్వారీలో మెట్టులా తవ్విన అంచెలో) తీసిన రాయి చూపించి పక్క బెంచి రాయి కూడా ఇంతే అంటే కొనేవాడు నమ్మడు. లోపల పగులుండవచ్చు, చార మారవచ్చు.

నాగావళి:
ఐదు వందల కిలోమీటర్లకు పైనే. మీ అభ్యంతరం సబబే.

అష్టమి చంద్రుడు (కళింగపట్నం):
రాళ్ల సంగతి మీరు చూసుకోండి, కంటికి కనిపించేది నేను చెబుతాను. నాది ఆరంగుళాల టెలిస్కోపు. శుక్లాష్టమికి అటూ ఇటూగా టాలెమీయస్ మీద తెల్లవారుతుంది. ఆ వేళలో చూడాలి. పున్నమినాడు చూస్తే బిలం ఎక్కడుందో కూడా పోల్చుకోలేరు.

ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు అడుగు నిజానికి చదును కాదని తెలుస్తుంది. ముందు అమ్మోనియస్ కనబడుతుంది. తొమ్మిది కిలోమీటర్లలోపు చిన్న బిలం, అంచు పదునుగా ఉంటుంది, కొత్తది. దానికి ఉత్తరాన ఆనుకుని అంతకు రెట్టింపు వెడల్పున్న పల్లం ఒకటి, అంచు లేదు, గోడ లేదు, ఒక పక్క నీడ, ఇంకో పక్క కాస్త వెలుగు, అంతే. కప్పబడిపోయిన పాత బిలం తాలూకు ఆనవాలు అది. అలాంటివి అడుగంతా ఉన్నాయి. ఎండ కాస్త పైకెక్కితే చాలు, అన్నీ మాయం.

తర్వాత అంచు మీదికి చూపు పోనివ్వండి. గాట్లు ఉంటాయి. అవి అడ్డదిడ్డంగా కాక ఒకే దిక్కుకు, ఉత్తరానికి కాస్త పడమరగా చూస్తుంటాయి. అటు పొడిగించుకుంటూ పోతే ఇంబ్రియం బేసిన్, అంటే ఒక పెద్ద తాకిడికి ఏర్పడిన విశాలమైన గొయ్యి, చేరతాం. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ ఈ గాట్ల తీరును 1890ల్లోనే గమనించాడు. దాదాపు 390 కోట్ల ఏళ్ల కిందట ఇంబ్రియం ఏర్పడినప్పుడు ఎగిరిన బండలు ఈ అంచును కోసుకుంటూ పోయాయి. ఆ శిథిలాలు అంచును కోసి అడుగున ఒక్క పిడికెడు కూడా పడకుండా వెళ్లాయంటే నేను నమ్మను.

గంటస్తంభం:
గాట్ల వాదన బలంగా ఉంది, కాదనను. కానీ పల్లాల వాదన రెండు వైపులా కోస్తుంది. లావా మైదానాల్లోనూ మునిగిన బిలాల ఆనవాళ్లు ఉన్నాయి. కాబట్టి నా మాట ఇది: ముందు లావా పారింది, తర్వాత ఇంబ్రియం శిథిలాలు దాని మీద పడ్డాయి. పైపొరను చూసి అడుగుపొర లేదనడం ఎలా కుదురుతుంది? చంద్రుడి మీద అలా కప్పబడిపోయిన లావా మైదానాలు వేరేచోట్ల ఉన్నాయి కూడా.

నాగావళి:
అవి ఉన్నాయని ఎలా కనిపెట్టారో కూడా చెప్పండి మరి. పైపొరను పొడుచుకుని లోపలికి దిగిన చిన్న బిలాల చుట్టూ నల్లటి పదార్థం చిమ్మి ఉంటుంది. ఆ గుర్తు పట్టుకునే కింద లావా ఉందంటారు. టాలెమీయస్ అడుగున అలా తవ్విపెట్టిన బిలం అమ్మోనియస్ ఉండనే ఉంది. దాని చుట్టూ నలుపు ఉందా? అష్టమి గారూ, మీరే చెప్పాలి.

అష్టమి చంద్రుడు:
నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

గంటస్తంభం:
ఆరంగుళాల గాజుకు కనిపించకపోతే లేనట్టేనా! పైగా శిథిలాల పొర అమ్మోనియస్ తవ్విన లోతుకన్నా మందంగా ఉంటే?

టెక్కలి రాయి:
అయితే అక్కడ డ్రిల్లు వేసి కోర్ (లోపలి పొరలు చూపే రాతి కడ్డీ) తీయాల్సిందే. అంతదాకా చార్టు ఖాళీగా ఉంచుతారా?

నాగావళి:
ఖాళీ ఎందుకండీ. "ఇంబ్రియం శిథిలాలు కప్పిన పాత బిలం" అని రాయమనండి. దానికి గాట్ల సాక్ష్యం ఉంది, రంగు సాక్ష్యం ఉంది. గంటస్తంభం గారి లావా దొరికిన రోజున కింద ఇంకో వరుస చేర్చుకోవచ్చు.

గంటస్తంభం:
చేర్చడానికి చోటు వదిలి రాయమనండి.