హైబ్రిడ్ కారుకి చలికాలంలో రిమోట్ స్టార్ట్: అవసరమా, దండగా?

నెల్లూరు కుర్రాడు (మినియాపొలిస్)

సెకండ్ హ్యాండ్‌లో టయోటా క్యామ్రీ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటార్ కూడా ఉండే కారు) తీసుకున్నాం. రిమోట్ స్టార్ట్ (ఇంట్లోంచే బటన్ నొక్కి కారుని ముందుగా ఆన్ చేసుకునే సౌకర్యం) లేదు. అపార్ట్‌మెంట్ ముందు ఓపెన్ పార్కింగే. మా ఆవిడ నర్సు, తెల్లారకముందే డ్యూటీకి బయల్దేరాలి. జనవరిలో ఇక్కడ మైనస్ 20 సెల్సియస్‌కి దిగే రోజులు మామూలే. బయట షాపులో రిమోట్ స్టార్టర్ పెట్టిద్దామంటే, ఆఫీసులో ఒకాయన "హైబ్రిడ్‌కి వార్మప్ ఏంటయ్యా, పెట్రోలు దండగ" అంటాడు. ఇంకొకాయన "వేడెక్కకుండా నడిపితే ఇంజిన్ పోతుంది" అంటాడు. ఎవరిది నిజం? తెలిసినవాళ్ళు చెప్పండి.

విన్నిపెగ్ మాస్టారు

ఇంజిన్ కోసమే అయితే వద్దు తమ్ముడూ. ఇది కార్బ్యురేటర్ బళ్ళ కాలం నాటి అలవాటు. ఇప్పటి హైబ్రిడ్లలో వాడేది 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పల్చని సింథటిక్ ఆయిల్. చలిలో కూడా ఇంజిన్ పై భాగాలకి త్వరగానే అందుతుంది. స్టార్ట్ చేసి అర నిమిషం ఆగి, మొదటి కొద్ది దూరం మెల్లగా పోనిస్తే చాలు. నిలబెట్టి తిప్పితే ఇంజిన్ మీద లోడ్ ఉండదు, అందుకే వేడెక్కడం ఆలస్యం. చక్రాల బేరింగులు, టైర్లయితే బండి కదిలితే తప్ప వేడెక్కవు.

హైబ్రిడ్‌కి మైలేజీ వచ్చేదే ఇంజిన్ ఆగి ఉన్న సమయంలో. క్యాబిన్‌కి వేడి మాత్రం ప్రధానంగా ఇంజిన్ కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగి దాని వేడిని తీసుకునే ద్రవం) నుంచి రావాలి. బాగా చలిలో హీటర్ ఫుల్లుగా పెట్టారంటే ఇంజిన్ ఆగేది తక్కువ. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం, సిటీలో చిన్న దూరాలు తిరిగేటప్పుడు 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 దగ్గర మామూలు పెట్రోలు కారు మైలేజీ 15 శాతం తగ్గుతుంది. హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం తగ్గుతుంది. అసలే అంత పోతుంటే, రోజూ ఇంకో పదిహేను నిమిషాలు ఊరికే తిప్పడం దేనికి?

బ్లాక్ హీటర్ (బండి ఆగి ఉన్నప్పుడు ప్లగ్‌కి పెట్టి ఇంజిన్‌ని వెచ్చబెట్టే కరెంటు హీటర్) పెట్టించండి. సుమారు 400 వాట్లది. బయల్దేరడానికి రెండు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే ఒక యూనిట్ కరెంటు కూడా కాలదు. ఇంజిన్ గోరువెచ్చగా లేస్తుంది, హీటర్ గాలి కూడా త్వరగా వెచ్చబడుతుంది.

ఓరుగల్లు ఆడపడుచు (ఎడ్మంటన్)

మాస్టారూ, ఇంజిన్ గురించి మీరు చెప్పింది నేను కాదనను. కానీ తెల్లవారుజామున చీకట్లో ఒక్కతే నిలబడి అద్దం మీద మంచు గీకాల్సింది ఆవిడ. ఆ సంగతి మీ జవాబులో ఎక్కడా లేదు. గ్లౌజులున్నా వేళ్ళు తిమ్మిరెక్కిపోతాయి. బయట ఎంత గీకినా, లోపల కూర్చోగానే మన ఊపిరే అద్దం లోపలి వైపు ఆవిరిగా పట్టి అక్కడే గడ్డకడుతుంది. అర నిమిషంలో బయల్దేరితే ఆ అద్దంలోంచి రోడ్డు దాటే మనిషి కనిపిస్తాడా? నాకు అన్నిటికంటే ముందు అదే.

ఇంకోటి, చిన్నపిల్లలున్నవాళ్ళకి. లావు జాకెట్ తొడిగి కార్ సీట్లో కూర్చోబెడితే బెల్టు బిగుతుగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల వదులు ఉండిపోతుంది. ప్రమాదం జరిగితే పిల్ల బెల్టులోంచి జారిపోయే అవకాశం ఉంది. అందుకే జాకెట్ తీసి కట్టమంటారు. మైనస్ 25లో ఐసులాంటి కారులో ఏ తల్లి జాకెట్ తీస్తుంది? కారు ముందే వెచ్చగా ఉంటేనే ఆ నియమం పాటించగలం.

విన్నిపెగ్ మాస్టారు

పిల్లకి బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పొచ్చమ్మా. పెద్దవాళ్ళకి సీటు హీటరు, స్టీరింగ్ హీటరు ఉంటే, అవి ఇంజిన్ వేడి కోసం ఆగవు, బ్యాటరీ కరెంటుతోనే పనిచేస్తాయి. అద్దం సంగతి మాత్రం ఒప్పుకుంటా. దానికి ఐదు నిమిషాలు చాలు. రిమోట్ చేతిలో ఉంటే ఎవరూ ఐదుతో ఆపరు. స్నానానికి వెళ్ళే ముందు నొక్కి, టిఫిన్ అయ్యాక దిగుతారు. మా పార్కింగ్‌లో రోజూ చూస్తున్నాను. గ్రౌండ్ ఫ్లోర్ కిటికీల పక్కన పొగ కక్కుతూ బళ్ళు నిలబడి ఉంటాయి.

హుడ్ కింద (డెట్రాయిట్)

కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

టయోటా హైబ్రిడ్‌లో మామూలు స్టార్టర్ మోటార్ ఉండదు. ఇంజిన్‌ని తిప్పేది హైబ్రిడ్ సిస్టమ్‌లోని మోటార్ జనరేటరే. రిమోట్ చేసేది కారుని రెడీ మోడ్‌లోకి (సిస్టమ్ ఆన్ అయి సిద్ధంగా ఉండే స్థితికి) తేవడం, అంతే. తర్వాత ఇంజిన్ ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో కారే చూసుకుంటుంది. అలా తిరిగేటప్పుడు కొంత ఛార్జ్ పెద్ద బ్యాటరీలోకి కూడా వెళ్తుంది. ఊరికే తిప్పడం దేనికని మాస్టారు అన్నారు గానీ, కాలిన పెట్రోలంతా వృథా కాదు. కాకపోతే నిలబెట్టి ఛార్జ్ చేయడం లాభసాటి పద్ధతీ కాదు.

అసలు చిక్కు బయట పెట్టించే కిట్‌లతోనే. కొన్ని ఇంజిన్ తిరుగుతోందా లేదా అని కనిపెడుతూ ఉంటాయి. హైబ్రిడ్‌లో ఇంజిన్ తనంతట తాను ఆగితే, బండి ఆగిపోయిందనుకుని మళ్ళీ స్టార్ట్ చేయబోతాయి. హైబ్రిడ్ సెట్టింగ్ ఉన్న కిట్టే పెట్టాలి. కొన్ని పాత పద్ధతుల్లో స్పేర్ తాళం కారులోపలే దాచి పెడతారు, దానికి ఒప్పుకోకండి. వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా భయపెడితే, అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి పార్ట్ ఉందన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయకూడదు. ఆ పార్ట్ వల్లే చెడిపోయిందని తేలితే మాత్రం ఆ రిపేరుకి వాళ్ళ బాధ్యత ఉండదు.

ఇంకా గట్టిగా చెప్పాల్సింది గ్యారేజీ ఉన్నవాళ్ళకి. ఇంటిని ఆనుకుని ఉన్న గ్యారేజీలో, తలుపు తెరిచి ఉన్నా సరే, రిమోట్ స్టార్ట్ చేయొద్దు. హైబ్రిడ్ ఒక్కోసారి నిశ్శబ్దంగా ఉంటుంది, ఆఫ్ అయిందనుకుంటాం. తర్వాత ఇంజిన్ లేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. తాళం తిప్పే పనిలేని కార్లని ఆపడం మరిచిపోయి అమెరికాలో మనుషులు చనిపోయారు. అనుకోకుండా బటన్ నొక్కుకుపోయినా ప్రమాదమే. ఇంట్లో ఆ వాయువుని పసిగట్టే డిటెక్టర్ పెట్టుకోండి.

నెల్లూరు కుర్రాడు

మాస్టారూ, మా పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ లేదు. మేనేజ్‌మెంట్‌ని అడిగితే కుదరదన్నారు. బ్లాక్ హీటర్ దారి మూసుకుపోయినట్టే.

విన్నిపెగ్ మాస్టారు

ప్లగ్ లేకపోతే సరే, పెట్టించు. కానీ ఐదు నిమిషాల తర్వాత తనంతట తాను ఆగిపోయేలా టైమ్ సెట్ చేయించు. బాగా చలి ఉన్న రోజున ఇంకోసారి నొక్కుకోవచ్చు.

ఓరుగల్లు ఆడపడుచు

మైనస్ 20లో ఐదు నిమిషాలకి మా కారులో గాలి ఇంకా చల్లగానే వస్తుంది మాస్టారూ, పదైనా ఉండాలి. తమ్ముడూ, రాత్రి కారు ఆపేముందు గాలిని ముందు అద్దం వైపు తిప్పి, వేడి పెంచి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్ళీ తిప్పే సెట్టింగ్) తీసేయమని మీ ఆవిడకి చెప్పు. చాలా కిట్‌లు ఆఖరి సెట్టింగ్‌తోనే మొదలవుతాయి.

హుడ్ కింద

కంపెనీ రిమోట్ స్టార్ట్ ఉన్న చాలా టయోటాల్లో తలుపు తీయగానే ఆగిపోతుంది, కంగారుపడొద్దు. కూలెంట్ అప్పటికే వేడెక్కింది, బ్రేక్ తొక్కి మళ్ళీ పవర్ నొక్కితే వెంటనే వేడి గాలే వస్తుంది. మంచు బాగా పడిన రోజున ముందు వెనక్కెళ్ళి పొగ గొట్టం చుట్టూ మంచు తీశాకే స్టార్ట్ చేయాలి. ఇక షాపుకి వెళ్ళినప్పుడు, మీ మోడల్, మీ సంవత్సరం హైబ్రిడ్‌కే ఇంతకుముందు పెట్టారా అని అడగండి. "అన్ని బళ్ళకీ ఒకటే కిట్ సార్" అంటే ఇంకో షాపు చూసుకోండి.