ఆఫీసు ఫైల్ సర్వర్ మధ్యమధ్యలో పలకడం లేదు, ఏం చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, సిస్టమ్స్ పని కూడా నా మీదే పడింది. పదహారు కంప్యూటర్లు, విండోస్ సర్వర్ 2019 ఉన్న ఒక ఫైల్ సర్వర్, అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెకి) కలిపి ఉన్నాయి. క్లయింట్ల ఫోల్డర్లు, టాలీ డేటా మొత్తం సర్వర్‌లోనే, అందరికీ జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి ఉంది. కొన్ని వారాలుగా ఉన్నట్టుండి జెడ్ డ్రైవ్ తెరుచుకోదు, టాలీ స్క్రీన్ తెల్లగా అయిపోయి నాట్ రెస్పాండింగ్ అంటుంది. ఒక్కోసారి దానంతట అదే వస్తుంది, రాకపోతే సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నాం. దాంతో కొన్నిసార్లు సర్దుకుంటుంది, కొన్నిసార్లు రీస్టార్ట్ తర్వాత అసలు ఎవరికీ రాదు. ఇంకో సంగతి, నా సిస్టమ్‌లో పోయినప్పుడు పక్క టేబుల్ వాళ్లకి బాగానే ఉంటుంది, కాసేపటికి వాళ్లకి పోయి నాకు వస్తుంది. సర్వర్ పలుకుతోందో లేదో చూసే పింగ్ కమాండ్ కొడితే మాత్రం రిప్లై వస్తోంది. యాంటీవైరస్ స్కాన్ చేశాం, సర్వర్ కేబుల్ మార్చాం, స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేశాం. 20వ తేదీ దగ్గరపడుతోంది, జీఎస్టీఆర్ 3బీ రిటర్నులన్నీ వేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది. హార్డ్ డిస్క్ పోతోందంటారా? కొత్త సర్వర్ కొందామని సార్ అంటున్నారు.

ఒక సభ్యుడు:
ఎస్ఎంబీ 1 ఆన్ చేసి, ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి బ్రదర్. మా దగ్గర పాత స్కానర్‌కి అలా చేస్తేనే ఫోల్డర్ తెరుచుకుంది.

జవాబు:
ఆ రెండూ దయచేసి చేయకండి. ఎస్ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకునే పద్ధతి, ఎస్ఎంబీ 1 దాని పాత వెర్షన్. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ఎస్ఎంబీ 1లో ఉన్న లొసుగును పట్టుకునే ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న సర్వర్‌లో దాన్ని ఆన్ చేయమని నేనెవరికీ చెప్పను. పైగా వెర్షన్ కుదరకపోవడమే మీ సమస్య అయితే అది ఎప్పుడూ కుదరదు, పొద్దున కుదిరి మధ్యాహ్నం కుదరకుండా పోదు. ఫైర్‌వాల్ సంగతీ అంతే.

కొత్త సర్వర్ మాట కూడా ఇప్పుడే వద్దండి. మీరు రాసినదాంట్లో అసలు విషయం ఒక్క వాక్యంలో ఉంది, నాకు పోయినప్పుడు పక్కవాళ్లకి ఉంటుంది అన్నారు చూడండి, అది. డిస్క్ మొరాయిస్తే జెడ్ డ్రైవ్ తెరిచిన ప్రతి ఒక్కరికీ ఒకేసారి నత్తనడక మొదలవుతుంది, ఇలా వంతులవారీగా పోదు. నాకు బలంగా అనిపిస్తున్నది, మీ సర్వర్ ఐపీ అడ్రస్‌నే, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి విడిగా ఉండాల్సిన నంబరునే, ఇంకో పరికరం కూడా వాడుతోందని. పింగ్‌కి రిప్లై వస్తోంది అన్నారు కానీ, ఆ రిప్లై ఇస్తున్నది మీ సర్వరే అని ఎలా అనుకుంటున్నారు?

కాబట్టి ఈసారి ఆగినప్పుడు రీస్టార్ట్ చేయకండి, ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. రీస్టార్ట్ చేశారంటే ఆధారం కూడా దాంతోపాటే పోతుంది. ఒకటి పనిచేస్తున్న సిస్టమ్, ఒకటి పనిచేయనిది, రెండిట్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్వర్ ఐపీకి పింగ్ కొట్టండి. రిప్లై లైను చివర టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఒకే స్విచ్ మీద ఉన్న విండోస్ మెషిన్ నుంచి మామూలుగా 128 వస్తుంది. ప్రింటర్లు, కెమెరా డీవీఆర్‌లు, వైఫై పరికరాలైతే ఎక్కువగా 64 గానీ 255 గానీ ఇస్తాయి. పనిచేసే సిస్టమ్‌లో 128 ఉండి, పనిచేయనిదాంట్లో వేరే అంకె ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఆ వెంటనే అక్కడే ఏఆర్‌పీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ ఏ కొట్టండి. ఐపీ అడ్రస్‌ల జాబితా వస్తుంది, పక్కన ఫిజికల్ అడ్రస్, అదే మ్యాక్ అడ్రస్ ఉంటుంది, అంటే ఆ పరికరానికి తయారీలోనే వేసిన నంబరు. రెండు సిస్టమ్స్‌లోనూ సర్వర్ ఐపీ పక్కన ఉన్నది ఫోటో తీసుకోండి. సర్వర్ దగ్గరకు వెళ్లి గెట్‌మ్యాక్ అని కొడితే దాని అసలు మ్యాక్ వస్తుంది, దాంతో పోల్చండి. ఈ ఎంట్రీలు తొందరగా మారిపోతుంటాయి కాబట్టి ఆగిన సమయంలోనే చూడాలి, సాయంత్రం తీరిగ్గా చూస్తే ఏమీ దొరకదు.

చివరగా సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ చూడండి. టీసీపీఐపీ సోర్స్‌తో 4199 నంబరు ఉందంటే అడ్రస్ గొడవ ఖాయం, ఎదుటి పరికరం మ్యాక్ కూడా అందులోనే రాసి ఉంటుంది. అలా కాకుండా 7, 129, 153 నంబర్లు కనిపిస్తే అప్పుడు నా అంచనా తప్పు, డిస్క్ వైపే చూడాలి, ముందు బ్యాకప్ తీసి మిగతాది మాట్లాడుకుందాం.

అడిగినవారు:
సార్, మధ్యాహ్నం మళ్లీ ఆగింది, మీరు చెప్పినట్టే రీస్టార్ట్ చేయకుండా అన్నీ చూశాను. పక్క టేబుల్ సిస్టమ్‌లో టీటీఎల్ 128, నాదాంట్లో 64! సర్వర్ ఐపీ 192.168.1.50. దాని పక్కన వాళ్ల సిస్టమ్‌లో ఉన్న మ్యాక్ చివర 93-52, నాదాంట్లో 41-07. సర్వర్ గెట్‌మ్యాక్‌లో వచ్చింది 93-52. అంటే నా సిస్టమ్ ఇంకెవరితోనో మాట్లాడుతోంది కదా? ఈవెంట్ వ్యూయర్‌లో 4199 చాలా ఉన్నాయి, అన్నిట్లోనూ 41-07తో ముగిసే మ్యాకే. డిస్క్ నంబర్లు ఏవీ లేవు. ఇప్పుడు ఈ 41-07 ఎవరిదో ఎలా కనుక్కోవాలి? సిస్టమ్స్ అన్నిట్లో గెట్‌మ్యాక్ కొట్టి చూశాను, ఏదీ కాదు.

జవాబు:
చాలా బాగా చూశారండి. కంప్యూటర్లు కాకపోతే మిగిలినవి చూడాలి: వేలిముద్రల అటెండెన్స్ మెషిన్, సీసీ కెమెరా డీవీఆర్, వైఫై బాక్స్, ప్రింటర్లు, మీటింగ్ రూమ్ టీవీ. మ్యాక్‌లో మొదటి మూడు జతలు తయారీ కంపెనీని చెబుతాయి, నెట్‌లో వెతికితే పేరు వస్తుంది. అదీ తేలకపోతే ఆగిన సమయంలో మీ సిస్టమ్ నుంచి ఆగకుండా పింగ్ నడిచేలా హైఫన్ టీ పెట్టి, సర్వర్‌ది తప్ప స్విచ్‌లోని కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూడండి. ఏది పీకినప్పుడు 64 ఉన్న రిప్లైలు ఆగిపోతాయో దాని అవతల ఉన్నదే. దానికి ముందు అందరినీ టాలీ నుంచి బయటకు రమ్మనండి, ఎంట్రీ మధ్యలో కేబుల్ పీకితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. అసలు ఈ బాధ మొదలైన రోజుల్లో ఆఫీసుకి కొత్తగా వచ్చిన వస్తువేమిటో గుర్తు చేసుకోండి, నేనైతే ముందు అక్కడికే వెళ్తాను.

అడిగినవారు:
దొరికింది సార్! కేబుళ్లు పీకే అవసరం కూడా రాలేదు. అద్దెకు తీసుకున్న పెద్ద జిరాక్స్ మెషిన్. దాని సెట్టింగ్స్‌లోంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీస్తే మ్యాక్ చివర 41-07, ఐపీ 192.168.1.50 అని అచ్చు వేసి ఉంది. సర్వీస్ వాళ్లు ఆదివారం వచ్చి బిగించారు, ఆ రోజు సర్వర్ ఆఫ్‌లో ఉంది. ఎక్కువ కాపీలు ఉన్నప్పుడే దాన్ని ఆన్ చేస్తాం, అందుకే రోజంతా కాకుండా మధ్యమధ్యలో వస్తోందేమో. ఇంకోటి, స్కాన్ చేసి సర్వర్ ఫోల్డర్‌లో వేసే ఆప్షన్ మొదటి రోజు నుంచీ పనిచేయలేదు, ప్రింట్లు కూడా ఒక్కోసారి క్యూలోనే ఉండిపోతాయి. ఇప్పుడు దేని ఐపీ మార్చాలి, సర్వర్‌దా, జిరాక్స్‌దా?

జవాబు:
జిరాక్స్ మెషిన్‌దే మార్చండి, సర్వర్‌ని కదపకండి. మీరు చెప్పిన మిగతావన్నీ కూడా దీంట్లోనే కలుస్తున్నాయి. స్కాన్ ఎందుకు వెళ్లలేదంటే, ఆ మెషిన్ 50కి (ఐపీలో చివరి అంకెతోనే చెబుతున్నాను) పంపాలనుకుంటే 50 తనే కాబట్టి సర్వర్ దాకా వెళ్లే దారే లేదు. 50కి ఇచ్చిన ప్రింటు ఒక్కోసారి సర్వర్‌కి చేరుతోంది, అది ప్రింటర్ కాదు కాబట్టి క్యూలో కూర్చుంటోంది. మీకూ పక్కవాళ్లకీ వంతులవారీగా పోవడానికి కారణం, ప్రతి కంప్యూటర్ ఈ ఐపీకి ఈ మ్యాక్ అని తన దగ్గర విడిగా గుర్తుపెట్టుకుంటుంది. విండోస్‌లో ఆ గుర్తును తాజా అనుకునేది 15 నుంచి 45 సెకన్లే, ఆ తర్వాత అవసరమైతే మళ్లీ అడుగుతుంది, అప్పుడు ఇద్దరిలో ఎవరి జవాబు పట్టుకుంటే వాళ్ల మ్యాక్ రాసుకుంటుంది. ఇక రీస్టార్ట్ తర్వాత అసలు ఎవరికీ రాలేదన్నారు, జిరాక్స్ ఆన్‌లో ఉండగా సర్వర్ పైకి లేస్తే, తన అడ్రస్ ఇంకొకరి దగ్గర ఉందని చూసి విండోస్ దాన్ని వదిలేసి 169.254తో మొదలయ్యే అడ్రస్ తీసుకుంటుంది. అప్పుడు 50 దగ్గర సర్వరే ఉండదు.

పని సాయంత్రం పెట్టుకోండి, టాలీ బ్యాకప్ తీశాక. రౌటర్‌లో డీహెచ్‌సీపీ పూల్, అంటే రౌటర్ తనంతట తానే పరికరాలకు పంచే ఐపీలు, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఉందో ముందు చూడండి. ఉదాహరణకు 100 నుంచి 199 అయితే, 100 లోపు నంబర్లు చేత్తో ఇచ్చేవాటికి ఉంచుకోవచ్చు, జిరాక్స్‌కి 30 ఇవ్వండి. ఇచ్చే ముందు 30కి పింగ్ కొట్టి ఖాళీ అనుకుని ఊరుకోకండి, ఆదివారం జరిగింది అదే అయి ఉంటుంది, ఆఫ్‌లో ఉన్న పరికరం పలకదు కదా. అటెండెన్స్ మెషిన్, డీవీఆర్, వైఫై బాక్స్ అన్నీ ఆన్ చేసి వాటి ఐపీలు ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం స్విచ్ పక్కన గోడకు అంటించండి. సర్వీస్ వాళ్లు ఎవరొచ్చినా దాన్ని చూశాకే నంబరు కొట్టాలి. ప్రతి సిస్టమ్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్‌లోకి వెళ్లి 50 బదులు 30 పెట్టాలి, ఇది మర్చిపోతే రేపు ప్రింట్లు రావడం లేదని అందరూ మీ మీద పడతారు.

అడిగినవారు:
నిన్న సాయంత్రం అన్నీ మార్చాం సార్. ఈ రోజు జిరాక్స్ పొద్దున్నుంచీ కావాలనే ఆన్‌లో ఉంచాం, జెడ్ డ్రైవ్ ఎవరికీ పోలేదు, కొత్త 4199 ఒక్కటీ లేదు. స్కాన్ కూడా ఫోల్డర్‌లో పడుతోంది. కొత్త సర్వర్ ఆలోచన మా ఆడిటర్ గారు మానుకున్నారు. మీ మేలు మర్చిపోలేను.

ఇంకో సభ్యుడు:
మా దగ్గరా ఇంతే కానీ 11, 20 తేదీల దగ్గరే వస్తుంది. మిగతా రోజులు హాయిగా ఉంటుంది. టీటీఎల్ అందరికీ 128, మ్యాక్ కూడా ఒకటే. ఇరవై నాలుగు సిస్టమ్స్, సర్వర్ అంటే విండోస్ 10 ప్రో వేసిన మామూలు కంప్యూటరే.

జవాబు:
మీది వేరే సమస్య అండి, పైకి మాత్రం ఒకేలా కనిపిస్తోంది. విండోస్ 10 ప్రో లాంటి మామూలు విండోస్‌కి ఒకేసారి 20 కనెక్షన్ల వరకే షేర్ ఇచ్చే పరిమితి ఉంది. రిటర్నుల రోజుల్లో అందరూ ఒకేసారి కూర్చుంటారు కాబట్టి 21వ వాళ్లు బయటే ఆగిపోతారు, ఎవరో ఒకరు వదిలితే వాళ్లకి దొరుకుతుంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ తెరిచి, ఆగినప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 20 కనిపిస్తే ఇదే. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్‌లో) మార్చి పరిమితి పెంచే చిట్కాలంటూ తిరుగుతుంటాయి, వాటి జోలికి వెళ్లకండి, అది లైసెన్స్‌తో వచ్చే హద్దు. లైసెన్సులతో సహా విండోస్ సర్వర్ తీసుకోవాలి, లేదా ఒక మంచి నాస్ బాక్స్, అంటే నెట్‌వర్క్‌కి కలిపి ఫైళ్లు దాచే పెట్టె, పెట్టుకోవాలి. టాలీ డేటా నాస్ మీద పెట్టే ముందు మీ టాలీ పార్ట్‌నర్‌ని ఒకసారి అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కూడా, కాబట్టి ఎలాగూ మార్చాల్సిందే. ఈ నెల గడవాలంటే సెషన్స్‌లో ఐడిల్ టైమ్ ఎక్కువ ఉన్నవి ఎవరివో చూడండి, జిరాక్స్ మెషిన్ స్కాన్ కనెక్షనూ సెలవులో ఉన్నవాళ్లు ఆన్‌లో వదిలేసిన సిస్టమ్స్ కూడా ఆ 20లోకే వస్తాయి. ఓపెన్ ఫైల్స్ సున్నా ఉన్నవాటిని మాత్రమే క్లోజ్ చేయండి, టాలీ తెరిచి ఉన్నవాళ్లది ముట్టుకోకండి.