ఇంధనం, భూమి, వాతావరణ మోడలింగ్‌లో కెరీర్: చేసినవాళ్లు చెప్పండి

పీహెచ్‌డీ_రెండోఏడు: ఇంధనం, భూ వినియోగం కలిపిన సీజీఈ మోడల్ (ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని సమీకరణాలుగా రాసేది) మీద థీసిస్ చేద్దామనుకుంటున్నా. మా గైడ్ ఎకనోమెట్రిక్స్ చేయమంటున్నారు. గ్యామ్స్ (ఆ మోడల్ రాసే సాఫ్ట్‌వేర్) పట్టుబడటానికి ఎన్నాళ్లు? ఉద్యోగాలు ఉన్నాయా?

సాల్వర్88: నాకు రెండేళ్లు పట్టింది. కోడ్ కాదు, డేటా చంపేస్తుంది. బేస్ ఇయర్ (లెక్క మొదలయ్యే ఏడాది) రాబడి-ఖర్చుల పట్టికలో అడ్డం, నిలువు మొత్తాలు కలవాలి. ఒక్క రంగంలో భూమి కౌలు తప్పుగా ఎక్కించి నాలుగు నెలలు 'ఇన్‌ఫీజిబుల్' (పరిష్కారం లేదు) అన్న మెసేజ్ చూస్తూ కూర్చున్నా. తప్పు దొరికిన రాత్రి ఏడ్చేశాను.

భూమిలెక్క: భూమి మాటెత్తారు కాబట్టి చెప్తున్నా. నేను పనిచేసిన చోట ఇంధన టీమ్‌కి భూమి ఊరికే పడి ఉన్న సరుకు. పొలం ఇథనాల్‌కి మళ్లితే ఇంకెక్కడో అడవి కొట్టేస్తారని ఎంత మొత్తుకున్నా వినలేదు. 2008లో సెర్చింజర్ బృందం మొక్కజొన్న ఇథనాల్‌కి ఆ ఒక్క ఖాతాలోనే మెగాజూల్ ఇంధనానికి 104 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారం అని లెక్క తేల్చాక విన్నారు.

పాతకాపు: ఇంకా ఆ 104 దగ్గరే ఉన్నారా? 2010లో హెర్టెల్ బృందం జీటీఏపీ (ప్రపంచ వాణిజ్య మోడల్)తో చేస్తే 27 వచ్చింది. కాలిఫోర్నియా తన ఇంధన నియమాల్లో 2009లో 30 పెట్టి, 2015లో 19.8కి దించింది. పదిహేనేళ్లుగా ఇదే నా పని, నాకు నేర్పకండి.

భూమిలెక్క: సర్వీసు చూపించి నోరు మూయించకండి. ఆ 27 వెనక, పంట ధర 1 శాతం పెరిగితే దిగుబడి 0.25 శాతం పెరుగుతుందన్న ఊహ ఉంది. అది ఎక్కువైతే అడవి దానంతటదే మిగిలిపోతుంది, మోడల్లో. నేలమీద కాదు.

వడ్డీరేటు: గ్రాముల గొడవ చిన్నది. అసలు తేడా డిస్కౌంట్ రేటుది, అంటే రేపటి నష్టాన్ని ఇవాళ్టి విలువకి ఏటా ఎంత తగ్గించి చూస్తామన్నది. వందేళ్ల తర్వాతి 100 నష్టం 1.4 శాతం దగ్గర ఇవాళ దాదాపు 25, 4.5 శాతం దగ్గర 1.2. వాతావరణ ఆర్థికవేత్తలు స్టెర్న్, నార్ద్‌హౌస్ కొట్టుకున్నదంతా దీనిమీదే.

పాతకాపు: మధ్యలో అది తేకండి. భూమిలెక్క గారూ, 0.25 ఎక్కువేనని నేనూ ఒక రిపోర్టులో రాశాను. పైవాళ్లు ఆ పేరా తీసేశారు.

పీహెచ్‌డీ_రెండోఏడు: మరి రిపోర్టు మీద మీ పేరు ఉంచారా?

పాతకాపు: ఉంచాను. ఆ నెలలోనే కాంట్రాక్టు రెన్యువల్. ఇప్పటికీ ఆ పీడీఎఫ్ తెరవను.

భూమిలెక్క: ఇందాక గట్టిగా అన్నాను, క్షమించండి. ఆ పేరా మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి.

సాల్వర్88: తమ్ముడూ, మొత్తాలు సరిచూసే కోడ్ నా దగ్గరుంది, పంపిస్తా. కౌలు కాలమ్ ముందు చూడు.